గిట్టలో నొప్పి, రక్తంలో ఇన్సులిన్: గుర్రాల ల్యామినైటిస్‌ను ఎక్కడ పట్టుకోవాలి

గిట్ట లోపలి పొరలు దెబ్బతినే జబ్బు ల్యామినైటిస్. అది వచ్చిన గుర్రాన్ని చూస్తే ఎవరి దృష్టి అయినా ముందు కాళ్ల మీదకే పోతుంది. ముందరి కాళ్లు చాచి, బరువంతా వెనక్కి వేసి, అడుగు తీసి అడుగు వేయాలంటే భయపడుతూ నిలబడి ఉంటుంది. వెంటనే నొప్పి మందు, గిట్టల కింద మెత్తటి ప్యాడ్లు, ఫారియర్‌కు (గిట్టలు చెక్కి లాడాలు కొట్టే మనిషికి) ఫోను. ఇవన్నీ చేయాల్సినవే. కానీ చాలా గుర్రాల్లో ఈ జబ్బు గిట్టలో మొదలవదు. రక్తంలో ఇన్సులిన్ పెరిగిపోయి, దాని దెబ్బ గిట్ట మీద పడుతుంది. నడక కాస్త కుదుటపడగానే టెన్షన్ తీరిందనుకుని పాత మేతకే వెళ్లిపోతే, కొన్ని వారాలకో నెలలకో అదే గుర్రం మళ్లీ అదే తీరున నిలబడుతుంది. అప్పుడు తప్పు ఫారియర్ మీదకో, లాడం మీదకో, నేల గట్టిదనం మీదకో నెట్టేస్తారు. ఇన్సులిన్ ఎంతుందో మాత్రం ఎవరూ అడగరు.

ల్యామినైటిస్‌కు దారులు మూడు. పేగుల్లో లేదా గర్భసంచిలో తీవ్రమైన ఇన్‌ఫెక్షన్ వచ్చి, ఆ విషప్రభావం గిట్టలకు చేరడం ఒకటి. గుర్రం దాణా గదిలో దూరి ధాన్యం బస్తా ఖాళీ చేసినప్పుడు జరిగేది ఈ కోవలోకే వస్తుంది. ఒక కాలు విరిగి, బరువంతా రెండో కాలి మీద వారాల తరబడి పడటం రెండో దారి. 2006లో అమెరికాలోని ప్రీక్‌నెస్ పందెంలో కాలు విరిగిన బార్బరో అనే రేసు గుర్రాన్ని, 2007 జనవరిలో చివరికి ఇలాంటి ల్యామినైటిస్ వల్లే దయామరణం ఇవ్వాల్సి వచ్చింది. మూడోది హార్మోన్ల దారి. పేరుమోసిన గుర్రాల కథల వల్ల మొదటి రెండూ ఎక్కువగా వార్తల్లోకి వస్తాయి కానీ, సంఖ్యలో మూడోదానిదే పైచేయి. ఫిన్లండ్‌లోని ఒక పశువైద్య ఆస్పత్రికి ల్యామినైటిస్‌తో వచ్చిన గుర్రాలను పరిశీలించి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, 89 శాతం గుర్రాల్లో హార్మోన్ సమస్య ఉన్నట్టు తేలింది.

గిట్ట గోడకూ, లోపల ఉండే కాఫిన్ ఎముకకూ మధ్య ఉన్న బంధాన్ని అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలికవుతుంది. ఆ ఎముక గిట్ట అడుగున కూర్చుని ఉండదు. చుట్టూ ఉన్న గోడ నుంచి వేలాడుతూ ఉంటుంది. రెండు చేతుల వేళ్లను ఒకదాని సందుల్లో ఒకటి దూర్చి బిగిస్తే ఎలా పట్టుకుంటాయో, ఎముక వైపు నుంచి వచ్చే పొరలూ గోడ వైపు నుంచి వచ్చే పొరలూ అలా పెనవేసుకుంటాయి. వీటినే లామెల్లాలు అంటారు. ఒక్కో గిట్టలో పెద్ద లామెల్లాలు 550 నుంచి 600 దాకా ఉంటాయి. ఒక్కోదాని మీద మళ్లీ నూటయాభైకి పైగా చిన్న లామెల్లాలు. గుర్రం బరువు మోసేది ఈ అల్లికే. ఇన్సులిన్ ఎక్కువైనప్పుడు లామెల్లాల్లోని కణాలు సాగిపోతాయి, అల్లిక వదులవుతుంది. పైనుంచి బరువు, వెనక నుంచి స్నాయువు లాగుడు. దాంతో ఎముక కొద్దికొద్దిగా గోడ నుంచి విడిపోయి తిరగడమో, కిందికి కుంగడమో జరుగుతుంది.

ఇది ఊహ కాదని చూపిన ప్రయోగాలు ఆస్ట్రేలియాలో జరిగాయి. 2007లో ప్రచురించిన పరిశోధనలో, అంతకుముందు ఏ జబ్బూ లేని పోనీలకు రక్తనాళం ద్వారా ఇన్సులిన్ ఎక్కిస్తూ, చక్కెర పడిపోకుండా గ్లూకోజ్ కూడా ఇస్తూ వచ్చారు. రక్తంలో చక్కెర మామూలుగానే ఉంది, ఇన్సులిన్ మాత్రం చాలా ఎక్కువ. మూడు రోజుల్లోపే వాటికి ల్యామినైటిస్ వచ్చింది. తర్వాత 2010లో స్టాండర్డ్‌బ్రెడ్ జాతి గుర్రాల మీద అలాగే చేస్తే రెండు రోజులు పట్టింది. లావు లేదు, పచ్చిక లేదు, విషం లేదు. ఇన్సులిన్ ఒక్కటే చాలింది. గిట్ట కణాలకు గ్లూకోజ్ అందక ఆకలితో చస్తున్నాయనే పాత వాదన కూడా దీంతో వెనకబడింది, ఎందుకంటే గ్లూకోజ్ తీసుకోవడానికి ఆ కణాలకు ఇన్సులిన్ అవసరమే లేదు. ఎక్కువైన ఇన్సులిన్ ఆ కణాల మీద ఉండే ఐజీఎఫ్-1 (ఇన్సులిన్‌ను పోలిన పెరుగుదల కారకం) గ్రాహకాన్ని తట్టి లేపి, వాటి తీరును మార్చేస్తోందన్నది ఇప్పుడు ఎక్కువమంది ఒప్పుకుంటున్న వివరణ.

మనుషుల షుగర్ జబ్బుతో దీన్ని పోల్చి చూసేవాళ్లు ఇక్కడే పొరబడతారు. మనిషిలో ఏళ్ల తరబడి కష్టపడ్డ క్లోమం చివరికి అలసిపోతుంది, చక్కెర పెరుగుతుంది. గుర్రం క్లోమం అంత తేలిగ్గా అలసిపోదు. ఎంత కావాలంటే అంత ఇన్సులిన్ పంపుతూనే ఉంటుంది, కాబట్టి చక్కెర మామూలుగానే కనిపిస్తుంది. గ్లూకోమీటర్‌తో ఒక చుక్క రక్తం చూసి ‘షుగర్ నార్మల్, భయం లేదు’ అనేస్తే అసలు సంగతి చేజారినట్టే.

ఏ గుర్రాలకు

కొన్ని జాతులకు ఈ ముప్పు పుట్టుకతోనే ఉంటుంది: వెల్ష్, షెట్లాండ్ పోనీలు, మోర్గాన్, ఆండలూసియన్, పాసో ఫినో, అరబ్. గాడిదలదీ ఇదే దారి. తక్కువ మేతతో గడ్డుకాలం గట్టెక్కేలా తయారైన శరీరాలు ఇవి. కొద్దిపాటి గడ్డితోనే కండపట్టి ఉంటాయి. ‘గాలి పీల్చినా లావెక్కుతుంది’ అని యజమానులు నవ్వుతూ చెప్పే గుర్రం ఇదే. నిజానికి అది నవ్వాల్సిన సంగతి కాదు.

లావు ముఖ్యమే, కానీ లావు ఎక్కడుందన్నది ఇంకా ముఖ్యం. మెడ పైభాగాన జూలు మొదట్లో చేయి పెట్టి చూడాలి. మెత్తగా, ఒక చేత్తో పక్కకు వంచగలిగేలా ఉంటే పెద్దగా భయం లేదు. గట్టిపడి, రెండు పక్కలకూ ఉబ్బి, పట్టుకుంటే చేతినిండా వచ్చి కదలకుండా ఉంటే ఇన్సులిన్ పరీక్ష వాయిదా వేయకూడదు. తోక మొదట్లో, భుజం వెనక, కంటి పైన గుంటల్లో కొవ్వు దిబ్బలు కూడా అలాంటి సూచనలే. అలాగని సన్నగా ఉన్న గుర్రానికి ఇది రాదనుకోవద్దు. పక్కటెముకలు కనిపిస్తూనే ఇన్సులిన్ ఆకాశాన్ని అంటే గుర్రాలూ ఉన్నాయి. వాటి విషయంలోనే ఆలస్యం ఎక్కువ జరుగుతుంది.

పదిహేనేళ్లు దాటిన గుర్రంలో ఇంకో జబ్బును కూడా వెతకాలి. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి మధ్యభాగం అదుపు తప్పడాన్ని పీపీఐడీ అంటారు, వాడుకలో కుషింగ్స్. వెంట్రుకలు పొడవుగా పెరిగి కాలం మారినా రాలకపోవడం, వీపు కండ కరిగి పొట్ట జారడం, మాటిమాటికీ ఇన్‌ఫెక్షన్లు దీని లక్షణాలు. దీనికి ఆ గ్రంథి విడుదల చేసే ఏసీటీహెచ్ అనే హార్మోన్‌కు రక్తపరీక్ష చేస్తారు. ఆ హార్మోన్ వేసవి చివరి నుంచి శరదృతువు దాకా ఆరోగ్యంగా ఉన్న గుర్రాల్లో కూడా సహజంగానే పెరుగుతుంది, కాబట్టి రిపోర్టును ఆ కాలానికి తగిన హద్దులతోనే చదవాలి. పీపీఐడీ ఉన్న ప్రతి గుర్రానికీ ఇన్సులిన్ పెరగదు. రెండూ కలిసి ఉన్న గుర్రానికే గిట్టల ముప్పు ఎక్కువ. అంటే ఒకటి తేలింది కదా అని రెండో పరీక్ష మానకూడదు.

పరీక్షలో మెలికలు

ఇన్సులిన్‌ను రెండు రకాలుగా చూస్తారు. ఎండుగడ్డి తింటూ ఉన్న గుర్రం నుంచి ఊరికే ఒక నమూనా తీయడం తేలిక. రాత్రంతా పస్తు ఉంచి తీస్తే, తేడా ఉన్న గుర్రం కూడా మామూలుగా కనిపించవచ్చు, అందుకే ఆ పద్ధతి వదిలేశారు. ధాన్యం దాణా పెట్టిన కొన్ని గంటల్లోపు తీసినా లెక్క తప్పుతుంది. ఈ మామూలు నమూనాలో మిల్లీలీటరుకు 50 మైక్రోయూనిట్లు దాటితే తేడా ఉన్నట్టే. 20 నుంచి 50 మధ్య అనుమానం. 20 లోపు వస్తే ఏమీ తేలనట్టు మాత్రమే, బాగున్నట్టు కాదు. చాలామంది తడబడేది ఈ చివరి మాట దగ్గరే.

తేలకపోతే తీపి పాకం పరీక్ష. కార్న్ సిరప్‌ను (మొక్కజొన్న పాకాన్ని) కిలో బరువుకు 0.15 మిల్లీలీటర్ల చొప్పున, అంటే 500 కిలోల గుర్రానికి 75 మిల్లీలీటర్లు, సిరంజితో నోట్లో పోసి, 60 నిమిషాలకూ 90 నిమిషాలకూ రక్తం తీస్తారు. ఇన్సులిన్ 45 దాటితే అదుపు తప్పినట్టు లెక్క. పాకం మోతాదు పెంచి చేసే పద్ధతి కూడా ఉంది, దాని హద్దులు వేరు. ల్యాబ్ వాడే పద్ధతిని బట్టి కూడా అంకెలు మారిపోతాయి. ఒకసారి ఒక ల్యాబ్‌లో, ఇంకోసారి వేరే ల్యాబ్‌లో చేయించి, రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి ‘తగ్గింది’ అనుకోవడం ఉత్త భ్రమ. మొదటి నుంచి ఒకే ల్యాబ్, ఒకే పద్ధతి, రోజులో ఇంచుమించు ఒకే సమయం.

తీవ్రమైన నొప్పిలో ఉన్న గుర్రానికి ఇన్సులిన్ ఆ నొప్పి వల్ల, ఒత్తిడి వల్ల కూడా పెరుగుతుంది. పైగా అలాంటప్పుడు పాకం పట్టడం నిప్పులో నెయ్యి పోయడమే. ఆ దశలో మామూలు నమూనా ఒకటి తీసి, మిగతాది నొప్పి తగ్గాక చూడటమే మేలు. అప్పటిదాకా ఇన్సులిన్ ఎక్కువే ఉందనుకుని మేత మార్చేస్తే నష్టమేమీ లేదు.

మొదటి మూడు రోజులు

నొప్పి మొదలైనట్టు అనుమానం రాగానే చేయాల్సిన పని గుర్రాన్ని పచ్చిక నుంచి తప్పించి, మెత్తటి పడక ఉన్న చోట నిలపడం. మందపాటి రంపపు పొట్టు పరుపు, గిట్టలకు ప్యాడ్లు కట్టిన బూట్లు. నడిపిస్తే రక్తం ఆడుతుందని చెప్పే పాత సలహా ఉంది. వదులైన అల్లిక మీద ప్రతి అడుగూ ఒక దెబ్బ, కాబట్టి ఆ సలహాను పూర్తిగా మరచిపోవడమే మంచిది. గిట్టలకూ చీలమండలకూ మంచు పెట్టి నిరంతరం చల్లగా ఉంచడం ఇన్‌ఫెక్షన్ రకానికే పనికొస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఇన్సులిన్ ఎక్కించి చేసిన ప్రయోగంలో కూడా ఇది లామెల్లాలను కాపాడిందని 2019లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. అయితే మొదటి గంటల నుంచే, తెంపు లేకుండా రెండు మూడు రోజులు చేస్తేనే ఫలితం. రోజుకు రెండుసార్లు పైపు నీళ్లు కొట్టడం దీని కిందికి రాదు.

ఫినైల్‌బ్యూటజోన్ వంటి నొప్పి మందులు పశువైద్యుడు చెప్పిన మోతాదులో ఇస్తారు. ఇన్సులిన్ రకంలో వాపు పాత్ర తక్కువ కాబట్టి ఇవి ఆశించినంత పనిచేయకపోవచ్చు. అలాంటప్పుడు మోతాదు పెంచుకుంటూ పోతే కడుపులో పుండ్లు, కిడ్నీల దెబ్బ తప్ప మిగిలేది లేదు. ఎంత మందు ఇచ్చినా నొప్పి తగ్గడం లేదంటే ఇన్సులిన్ ఇంకా దిగలేదేమో చూడాలి.

నొప్పి ఎంతుందో రోజూ గమనించడానికి ఒక చిన్న అలవాటు చాలు. ఫెట్‌లాక్ కీలు (గిట్టకు కాస్త పైన ఉండే కీలు) వెనక, ఇరుపక్కలా స్నాయువు పక్కన వేళ్లు ఆనిస్తే నాడి తగులుతుంది. ఆరోగ్యంగా ఉన్న గుర్రంలో దాన్ని వెతుక్కోవాలి. గిట్టలో ఇబ్బంది ఉన్నప్పుడు వేలు పెట్టగానే కొట్టుకుంటూ తెలుస్తుంది. గుర్రం బాగున్న రోజుల్లోనే ఈ నాడి ఎలా ఉంటుందో పట్టి చూసుకోవడం మంచిది, లేదంటే తేడా వచ్చినప్పుడు పోల్చుకోవడానికి ఏమీ ఉండదు. రెండో గుర్తు మలుపు. నేరుగా నడిచేటప్పుడు ఏమీ తెలియని గుర్రం, చిన్న మలుపు తిప్పితే వెంటనే కాళ్లు బిగిస్తుంది.

అసలు పని ఎండుగడ్డి దగ్గర

మందుల గురించి జరిగే చర్చలో పదో వంతు ఎండుగడ్డి గురించి జరిగితే ఈ జబ్బుతో కుంటే గుర్రాల సంఖ్య బాగా తగ్గేది. పేగులోకి వెళ్లే చక్కెర, పిండిపదార్థమే ఇన్సులిన్‌ను పైకి నెడుతున్నాయి. తేడా ఉన్న గుర్రంలో ఆ స్పందన మామూలు గుర్రం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. అందుకే మేతలో ఈ రెండూ కలిపి, నీటి శాతం తీసేసిన లెక్కలో, 10 శాతం లోపు ఉండాలన్నది సాధారణంగా పెట్టుకునే హద్దు.

లెక్క వేసి చూస్తే దీని బరువు తెలుస్తుంది. ముందు గుర్రం బరువు కావాలి. తూకం లేకపోతే టేపుతో సరిపెట్టుకోవచ్చు: ముందరి కాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలతను సెంటీమీటర్లలో తీసుకుని, దాన్ని అదే సంఖ్యతో హెచ్చించి, భుజం మొన నుంచి పిరుదు మొన దాకా ఉన్న పొడవుతో మళ్లీ హెచ్చించి, 11,880తో భాగించాలి. చుట్టుకొలత 175, పొడవు 155 ఉన్న గుర్రం దాదాపు 400 కిలోలు తూగుతుంది. బరువు తగ్గాల్సిన గుర్రానికి రోజుకు శరీర బరువులో ఒకటిన్నర శాతం పొడి మేత, అంటే ఇక్కడ 6 కిలోలు. ఎండుగడ్డిలో కొంత తేమ ఎలాగూ ఉంటుంది కాబట్టి తక్కెడలో అది 6.8 కిలోల దాకా రావాలి.

ఆ గడ్డిలో చక్కెర, పిండి కలిపి 10 శాతం అయితే రోజుకు 600 గ్రాములు లోపలికి వెళ్తాయి. 18 శాతం అయితే 1,080 గ్రాములు. తేడా 480 గ్రాములు. రెండు కట్టలూ పక్కపక్కన పెడితే కంటికి గానీ ముక్కుకు గానీ తేడా తెలియదు. ముదురు రంగులో ఉన్నదాంట్లో తక్కువా ఉండొచ్చు, వెలిసిపోయి పుల్లల్లా ఉన్నదాంట్లో ఎక్కువా ఉండొచ్చు. ఒక ఆపిల్ పండులో చక్కెర సుమారు 20 గ్రాములు. అంటే ఆ తేడా 24 ఆపిల్స్‌తో సమానం. ముద్దుగా పెట్టే ఆపిల్ ముక్క గురించి ఇంట్లో గొడవలు పడే యజమానులే, కొత్త గడ్డి లోడు దిగితే రిపోర్టు అడగరు. ఆపిల్ పెట్టమని కాదు, గొడవ పడాల్సింది ముందు గడ్డి గురించని.

అందుకే ల్యాబ్‌కు పంపాలి. ఒక కట్టలోంచి పిడికెడు గడ్డి లాగి పంపితే ఉపయోగం లేదు. డ్రిల్లుకు తగిలించే గొట్టంతో, కనీసం పది పన్నెండు కట్టల నడిమధ్య నుంచి నమూనాలు తీసి కలిపి పంపాలి. రిపోర్టులో నీళ్లలో కరిగే చక్కెరలు, పిండిపదార్థం అనే రెండు వరుసలను పొడి లెక్కలో చూసి కూడుకోవాలి.

పరీక్ష కుదరనప్పుడు నానబెట్టడం ఉంది. చల్లటి నీళ్లలో గంటసేపు, లేదా వేడినీళ్లలో అరగంట, గడ్డి పూర్తిగా మునిగేలా ఉంచి, గోధుమరంగుకు తిరిగిన ఆ నీళ్లను గుర్రానికి అందని చోట పారబోయాలి. దీంతో ఎంత పోతుందన్నది గడ్డిని బట్టి మారుతుంది. పావు వంతు పోయిందనుకున్నా, పై లెక్కలో 1,080 గ్రాములు 810 అవుతాయి. ఇంకా హద్దు పైనే. అంటే నానబెట్టడం సాయం చేస్తుందే తప్ప, చక్కెర ఎక్కువున్న గడ్డిని మంచి గడ్డిగా మార్చలేదు. ఎండ కాలంలో గంటల తరబడి నీళ్లలో వదిలేస్తే గడ్డి పులిసి, సూక్ష్మజీవులు పెరుగుతాయి. ఆవిరి పట్టే యంత్రాలు దుమ్ము, బూజు తగ్గించడానికి మంచివే గానీ, వాటివల్ల చక్కెర చెప్పుకోదగ్గంతగా తగ్గదు.

నానబెట్టిన నీళ్లలో చక్కెరతోపాటు ఖనిజాలూ పోతాయి. ఎండుగడ్డిలో విటమిన్ ఇ ఎలాగూ నిలవదు. రాగి, జింకు చాలా గడ్డిల్లో తక్కువే. కాబట్టి తక్కువ మోతాదులో ఇచ్చే ఖనిజ, విటమిన్, ప్రొటీన్ బ్యాలెన్సర్ ఒకటి తప్పనిసరి. మందు కలిపి ఇవ్వడానికి ఏదైనా కావాలంటే బెల్లపు మడ్డి కలపని, కడిగి నానబెట్టిన బీట్ పల్ప్ (చక్కెర తీసేసిన బీట్ దుంప పిప్పి) సరిపోతుంది. ఓట్లు, మొక్కజొన్న, తీపి కలిపిన దాణా పూర్తిగా బంద్. సంచి మీద ‘తక్కువ పిండి’ అని రాసి ఉంటే అంకె ఎక్కడుందో చూడాలి. అంకె లేని ఆ మాటకు విలువ లేదు. ప్రొటీన్ వల్ల ల్యామినైటిస్ వస్తుందన్న పాత నమ్మకానికి ఆధారం లేదు. దాన్ని నమ్మి ప్రొటీన్ కోసేస్తే కండ కరుగుతుంది, కొత్త గిట్ట నాణ్యతా పడిపోతుంది.

ఒక హెచ్చరిక మాత్రం గట్టిగా చెప్పాలి. లావుగా ఉంది కదా అని పస్తు పెట్టకూడదు. మేత ఒక్కసారిగా కోస్తే, ముఖ్యంగా పోనీల్లో, గాడిదల్లో, ఒంట్లోని కొవ్వు వరదలా రక్తంలోకి వచ్చి కాలేయాన్ని ముంచేస్తుంది. హైపర్‌లిపీమియా అనే ఈ స్థితిలో ప్రాణాలే పోతాయి. ఒకటిన్నర శాతంతో బరువు కదలకపోతే పశువైద్యుడి పర్యవేక్షణలో కొంచెం కొంచెంగా తగ్గించాలి, ఒక శాతం కిందికి మాత్రం వెళ్లకూడదు. చిన్న రంధ్రాల వలల్లో గడ్డి పెట్టి, రోజు మొత్తానికీ పంచితే అదే మేత ఎక్కువసేపు వస్తుంది. వారానికి బరువులో అర శాతం నుంచి ఒక శాతం దాకా తగ్గితే చాలు.

పచ్చిక సంగతి ఇంకా తిరకాసు. గడ్డి పగలు ఎండలో చక్కెర తయారు చేసుకుని రాత్రి పెరుగుదలకు ఖర్చు పెడుతుంది. అందుకే మధ్యాహ్నం దాటాక ఎక్కువ, తెల్లవారుజామున తక్కువ. కానీ రాత్రి బాగా చల్లబడితే పెరుగుదల ఆగిపోయి ఆ చక్కెర అలాగే ఉండిపోతుంది. మంచు పడిన రాత్రి తర్వాత ఎండ కాసే ఉదయం అందుకే ప్రమాదం. నీళ్లు లేక వాడిన గడ్డి, మొదళ్ల దాకా మేసేసిన గడ్డి కూడా మంచివి కావు. పొట్టిగా ఉంది కదా, ఏం తింటుందిలే అనుకుంటారు గానీ, చక్కెర నిల్వ ఉండేది ఆ మొదళ్లలోనే. గంటలు తగ్గించి వదిలినా గుర్రం లెక్క సరిచేసుకుంటుంది. మూడు గంటలే మేయనిచ్చిన పోనీలు రోజు మేతలో 40 శాతం దాకా ఆ కొద్దిసేపట్లోనే లాగించేసినట్టు పరిశోధకులు గమనించారు. మేత తగ్గించే మూతి చిక్కం పెడితే తినేది బాగా పడిపోతుంది. అయితే ఇదంతా ఇన్సులిన్ అదుపులో ఉన్న గుర్రానికి. నొప్పి ఉన్నన్నాళ్లూ, ఇన్సులిన్ దిగేదాకా పచ్చిక గేటు మూసే ఉండాలి, చిక్కం పెట్టినా వదలకూడదు.

గిట్ట చెప్పే చరిత్ర

గిట్ట గోడ నెలకు 8 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ముందు భాగం పైనుంచి కింద దాకా పూర్తిగా కొత్తగా రావడానికి తొమ్మిది నెలల నుంచి ఏడాది. కాబట్టి గోడ మీద గడిచిన ఏడాది అంతా రాసి ఉంటుంది. దాన్ని చదవడం కష్టమేమీ కాదు. గోడ మీద అడ్డంగా ఉంగరాల్లాంటి గీతలు మడమ దగ్గర వెడల్పుగా, ముందు భాగంలో దగ్గరదగ్గరగా ఉన్నాయంటే, కుంటకపోయినా లామెల్లాలు దెబ్బతిన్నాయని అర్థం. గిట్ట ఎత్తి అడుగు చూస్తే, గోడకూ అరికాలికీ మధ్య ఉండే తెల్లగీత వెడల్పై, అక్కడక్కడ పాత రక్తపు మరకలు కనిపిస్తాయి. పైన, వెంట్రుకల అంచు దగ్గర గోడ ఒక కోణంలో మొదలై, కింద ఇంకో కోణంలోకి వాలిపోతే, పైన కనిపించేదే ఎముకకు అంటుకుని వస్తున్న కొత్త గోడ. ఫారియర్ ఈ గీతలను ఎప్పుడో చూసి ఉంటాడు. అడిగితే చెబుతాడు, చాలామంది అడగరు.

గిట్ట చెక్కే ముందు పక్క నుంచి తీసిన ఎక్స్‌రే ఉండాలి. అది లేకుండా చెక్కడం అంచనా పనే. ఎముక కొనకూ నేలకూ మధ్య అరికాలు మందం 15 మిల్లీమీటర్లు ఉంటే నిశ్చింత. పది లోపు ఉంటే ఆ అరికాలి నుంచి ఒక్క పొర కూడా తీయకూడదు. పొడుగెక్కిన ముందు భాగాన్ని వెనక్కి తెచ్చి, అవసరమైతే ఎత్తు పెరిగిన మడమను దశలవారీగా దించి, ఎముకకు సమాంతరంగా గిట్ట నిలిచేలా చేయడమే లక్ష్యం. ఎంత, ఎంత త్వరగా అన్నది ఎక్స్‌రే చూసి పశువైద్యుడూ ఫారియర్ కలిసి తేల్చుకోవాలి. నాలుగు నుంచి ఆరు వారాలకోసారి చెక్కించాలి. లాడమా, బూటా అన్న వాదన గుర్రాన్ని బట్టి తేలుతుంది. ఏది పెట్టినా ముందు భాగం మీద లాగుడు తగ్గాలి, అరికాలికి ఆసరా దొరకాలి.

కోలుకునే దారిలో గుర్రం ఒక్కసారిగా ఒక కాలు నేల మోపకుండా కుంటితే జబ్బు తిరగబెట్టిందనే భయం వేస్తుంది. చాలాసార్లు అది దెబ్బతిన్న పొరల మధ్య పట్టిన చీము. ల్యామినైటిస్ ఎక్కువగా రెండు ముందు కాళ్లకూ కలిసి వస్తుంది, చీము ఒక్క కాలికి. చీము తీస్తే ఉపశమనం వెంటనే కనిపిస్తుంది. అయినా ఇన్సులిన్ కోసం రక్తం పంపడం మంచిదే.

వ్యాయామం ఇన్సులిన్‌ను దించుతుంది, కానీ వరుసలో చివర రావాలి. గిట్ట నిలకడ పడి, మందు లేకుండా మెత్తటి నేల మీద హాయిగా నడిచాక, మనిషి ఎక్కకుండా మొదలుపెట్టాలి. ఒకప్పుడు ల్యామినైటిస్ వచ్చి కోలుకున్న గుర్రానికి వారానికి మూడుసార్లకు పైగా, అరగంటకు తగ్గకుండా ట్రాట్ (వేగపు నడక) నుంచి క్యాంటర్ (మోస్తరు దౌడు) దాకా అన్నది నిపుణులు చెప్పే స్థాయి. అప్పటిదాకా జబ్బు రాని, ఇన్సులిన్ మాత్రం ఎక్కువున్న గుర్రాన్ని ఇంకా గట్టిగా, వారానికి ఐదుసార్లకు పైగా తిప్పవచ్చు.

మందుల చోటు

పీపీఐడీ తేలితే పెర్గోలైడ్, సాధారణంగా 500 కిలోల గుర్రానికి రోజుకు ఒక మిల్లీగ్రాముతో మొదలు, జీవితాంతం. ఆ జబ్బు లేని గుర్రంలో ఉత్త ఇన్సులిన్ కోసం దీన్ని వాడటంలో అర్థం లేదు. మెట్‌ఫార్మిన్ గుర్రం పేగు నుంచి రక్తంలోకి చాలా తక్కువగా వెళ్తుంది. మేతకు ముందు ఇస్తే పేగులో గ్లూకోజ్ పీల్చుకోవడాన్ని కొంత తగ్గిస్తుంది. కొన్నిటికి ఉపయోగం, కొన్నిటికి శూన్యం. క్రోమియం, మెగ్నీషియం, దాల్చినచెక్క పేరుతో అమ్మే పొడులకు గట్టి ఆధారం లేదు. ఆ డబ్బు గడ్డి పరీక్షకు పెట్టడం తెలివైన పని.

ఆట మార్చినవి ఎస్‌జీఎల్‌టీ2 నిరోధకాలు: ఎర్టుగ్లిఫ్లోజిన్, కానాగ్లిఫ్లోజిన్, వెలాగ్లిఫ్లోజిన్. మనుషుల కోసమో పిల్లుల కోసమో వచ్చిన మందులు ఇవి. పశువైద్యులు తమ బాధ్యత మీద గుర్రాలకు వాడుతున్నారు. కిడ్నీ గ్లూకోజ్‌ను వెనక్కి పీల్చుకోకుండా ఆపేస్తాయి. గ్లూకోజ్ మూత్రంలో పోతుంది, ఇన్సులిన్ అవసరం తగ్గుతుంది. చాలా గుర్రాల్లో కొన్ని రోజుల్లోనే ఇన్సులిన్ దిగుతుంది, నడకా మెరుగవుతుంది. 2018లో ప్రచురించిన ఒక ప్రయోగంలో, ఇన్సులిన్ తేడా ఉన్న పోనీలకు చక్కెర ఎక్కువున్న మేత పెట్టి చూస్తే, వెలాగ్లిఫ్లోజిన్ తీసుకున్నవాటిలో ఒక్కదానికీ ల్యామినైటిస్ రాలేదు. మందు లేనివాటిలో మూడింట ఒక వంతు కంటే ఎక్కువకు వచ్చింది.

అంత మంచి మందుకు ఖరీదు కూడా ఉంది, డబ్బు గురించి కాదు. శరీరం గ్లూకోజ్ కోల్పోతూ కొవ్వును కరిగించుకుంటుంది. ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని కొవ్వులు) పెరుగుతాయి, కొన్నిటిలో కాలేయ ఎంజైములు కూడా. ఈ మందు మొదలుపెట్టి, అదే సమయంలో మేత కూడా గట్టిగా కోస్తే, పైన చెప్పిన హైపర్‌లిపీమియాను చేతులారా పిలిచినట్టే. మొదలుపెట్టే ముందు రక్తం, తర్వాత కొన్ని వారాలు వరుసగా రక్తం చూడాలి. గుర్రం మేత మానేసినా, నీరసించినా ఆ రోజే పశువైద్యుడికి ఫోన్ చేయాలి. ఎముక కదిలిపోతున్న గుర్రానికి ఈ మందు ఇవ్వడానికి వెనకాడటం అనవసరం. ఇన్సులిన్ కొంచెమే ఎక్కువున్న, పచ్చికలో హాయిగా మేస్తున్న లావు గుర్రానికి మేత మార్చకుండా ఇదే ఇవ్వడం మాత్రం బద్ధకం.

స్టెరాయిడ్లు ఇన్సులిన్‌ను పెంచుతాయి. కీలు నొప్పికో, ఆయాసానికో, దురదకో ఎవరైనా వాటి మాట ఎత్తినప్పుడు ఈ గుర్రం చరిత్ర ముందే చెప్పాలి.

మేత గానీ మందు గానీ మార్చాక రెండు నుంచి నాలుగు వారాలకు ఇన్సులిన్ మళ్లీ చూస్తారు. దిగి నిలకడగా ఉన్నాక ఏడాదికి రెండుసార్లు సరిపోతుంది, వయసు మీరిన గుర్రానికి శరదృతువులో ఏసీటీహెచ్ కలిపి. ఈ మధ్యలో గడ్డి లోడు మారితే ముందు అనుకున్న పరీక్ష తేదీ లెక్కలోకి రాదు. కొత్త గడ్డి రిపోర్టు వచ్చేదాకా నానబెట్టే పెట్టాలి, పాత గడ్డి నాలుగు కట్టలైనా మిగిలి ఉండగానే నమూనా ల్యాబ్‌కు వెళ్లిపోవాలి.